బతికి బయటపడిన తల్లి మాట ఎవరు వినాలి?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో అప్పుడప్పుడూ ఒక వార్త కనిపిస్తుంది. ‘కుటుంబ కలహాలతో పిల్లలతో సహా బావిలో దూకిన తల్లి’. నాలుగు వాక్యాల వార్త. ఊరి పేరు, భర్త పేరు, పిల్లల వయసులు, చివర ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’. తల్లి కూడా చనిపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. పొలానికి పోయే మనిషెవరో చూసి పైకి లాగితే, పిల్లలు పోయి ఆమె ఒక్కతే మిగిలితే, అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచేసరికి ఆమె కడుపుకోత అనుభవిస్తున్న తల్లి, హత్యకేసులో ముద్దాయి కూడా.

ఆ క్షణాన ఆమె మనసులో ఏముందో చెప్పే అధికారం ఎవరిది? న్యాయస్థానం ముందు ఆ మనసుని వివరించే పని మన దేశంలో మొదట జైలు డాక్టరుది, తర్వాత మానసిక వైద్యుడిది, చాలా ఆలస్యంగా క్లినికల్ సైకాలజిస్టుది అయింది. ఫోరెన్సిక్ సైకాలజీ అని పిలిచే ఈ వృత్తి మన ప్రాంతానికి ఎలా వచ్చింది, అందులోకి వచ్చే కొత్త తరానికి మనం ఏం నేర్పుతున్నాం అన్నది సాహిత్య విద్యార్థులమైన మనకి దూరపు విషయంలా కనిపించవచ్చు. కానీ ఒక స్త్రీ చెప్పిన కథని ఎవరు ఏ భాషలో తిరగరాస్తున్నారన్న ప్రశ్న మన ప్రశ్నే.

మా సంగం పెన్న ఒడ్డున ఉంది. 1880ల్లో ఇక్కడ కట్టిన ఆనకట్ట, 2022లో మొదలైన కొత్త బ్యారేజీ, వాటి కింద కాలవలు. నీళ్ళు మాకు పంట. ఇంట్లో బతకలేక పోయిన ఆడవాళ్ళ సంగతి మాట్లాడుకునేటప్పుడు మాత్రం మా వైపు పెద్దవాళ్ళు ‘కాలవ పాలైంది’ అని గొంతు తగ్గించి ఊరుకుంటారు. ఎందుకు అని అడగరు. అడగకపోవడం మర్యాద అనుకుంటారు. ఆ మర్యాద చాటున ఎన్ని ఇళ్ళు పరువు దక్కించుకున్నాయో లెక్క లేదు.

ఈ కథ మనకి కొత్తది కాదు. పొరుగున తమిళదేశంలో నల్లతంగాళ్ కథని తరతరాలుగా పాడుకుంటున్నారు. కరువొచ్చి తినడానికి గింజ లేక నల్లతంగాళ్ ఏడుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి పోతుంది. అన్న ఊళ్ళో ఉండడు. వదిన పిల్లలకి పిడికెడు అన్నం పెట్టదు. అవమానంతో వెనుదిరిగిన ఆ తల్లి పిల్లల్ని ఒక్కొక్కరినే బావిలో వేసి తనూ దూకుతుంది. ఈ పాత్ర ఒకరోజు హైకోర్టు తీర్పులోకి నడిచొచ్చింది. 1989లో మద్రాసు హైకోర్టు సుయంబుక్కని కేసులో, పిల్లలతో బావిలో దూకి బతికిన తల్లి పరిస్థితిని ‘నల్లతంగాళ్ సిండ్రోమ్’ అన్న మాటతో అర్థం చేసుకునే ప్రయత్నం చేసింది. రెచ్చగొట్టడం అంటే అప్పటికప్పుడు జరిగేదేనన్న పాత అర్థాన్ని దాటి, ఏళ్ళ తరబడి పేరుకుపోయిన బాధ కూడా రెచ్చగొట్టడమేనని చెప్పింది. దాన్ని హత్యగా కాక, హత్య కిందకి రాని నరహత్యగా చూసింది. 2013లో గౌహతి హైకోర్టు మంజు లక్రా కేసులో, తాగొచ్చి కొట్టే భర్త ఆమె చేతిలో చనిపోయినప్పుడు, ఇదే ఆలోచనని ఆసరా చేసుకుని నేర తీవ్రతని తగ్గించింది.

జానపద కథ చట్టానికి కళ్ళు తెరిపించడం మనల్ని సంతోషపెట్టే సంగతే. కానీ కొంచెం ఆగి చూడాలి. ‘సిండ్రోమ్’ అనగానే కథలోంచి ఏం జారిపోయింది? కరువు జారిపోయింది. పుట్టింట్లో ఆడపిల్లకి హక్కు లేకపోవడం జారిపోయింది. పిల్లల ఆకలి తల్లి ఒక్కదాని బాధ్యత అయిపోవడం జారిపోయింది. మిగిలింది ఒక స్త్రీ, ఆమె లోపల ఒక రుగ్మత. అమెరికాలో లెనోర్ వాకర్ 1979లో ‘ద బాటర్డ్ ఉమన్’ పుస్తకం రాసి, దెబ్బలు తినే భార్యల మానసిక స్థితిని కోర్టులకి అర్థమయ్యేలా చేసినప్పుడు కూడా ఈ చిక్కే వచ్చింది. ఆమెని కాపాడాలంటే ఆమెని రోగి అనాలి. సహేతుకంగా భయపడిన మనిషి అంటే శిక్ష, రోగి అంటే జాలి. ఈ రెండింటికీ మధ్య చోటు వెతకడమే ఈ వృత్తికి అసలు పరీక్ష.

చట్టం దగ్గర మొదటి కొలత వేరే ఉండేది. 1843లో ఇంగ్లండులో మెక్‌నాటెన్ కేసు తర్వాత న్యాయమూర్తులు చెప్పిన సూత్రం 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ అయింది. చేసే పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకునే శక్తి మతిస్థిమితం లేక పోయినవాళ్ళకి ఆ నేరం అంటదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఈ కొలత తెలివిని కొలుస్తుంది. దుఃఖాన్ని కొలవదు. పిల్లల్ని ఈ లోకంలో వదిలిపోకూడదు అనుకునే తల్లికి తను చేసే పని ఏమిటో తెలుసు. అందుకే ఆమె ఆ సెక్షన్‌లో ఇమడదు. ఇంగ్లండు 1922లోనే, ఆ తర్వాత 1938లోనూ శిశుహత్య చట్టాలు చేసి, ప్రసవం తర్వాత చలించిన తల్లి మనసుకి విడిగా చోటిచ్చింది. 84వ సెక్షన్ ఇచ్చి పోయిన పాలకులు దీన్ని మనకి ఇవ్వలేదు. స్వతంత్రం వచ్చాక మనమూ చేసుకోలేదు.

మతి తప్పిందని తేలినవాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు? మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు తెలుగువాళ్ళకి అటు మద్రాసు కీల్పాక్, ఇటు విశాఖపట్నం పిచ్చాసుపత్రులు. హైదరాబాదు సంస్థానంలో మానసిక వైద్యశాల జాల్నా జైలు ఆవరణలో మొదలై 1950ల్లో ఎర్రగడ్డకి మారింది. ఆసుపత్రి జైల్లో పుట్టిందన్న ఈ సంగతి ఉత్త చారిత్రక వివరం కాదు. 1912 నాటి లూనసీ చట్టం 1987 మానసిక ఆరోగ్య చట్టం వచ్చేదాకా బతికింది. ‘నేరస్థులైన పిచ్చివాళ్ళు’ అన్న మాట కాగితాల మీద ఉన్నన్నాళ్ళూ, మనసుని పరీక్షించేవాడికి కాపలా మొదటి పని, వినడం రెండో పని.

వినడమే మొదటి పనిగా ఉన్న శిక్షణ మన దక్షిణాదిలో బెంగుళూరులో మొదలైంది. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరాల్లో మెడికల్ సైకాలజీలో డిప్లొమా వచ్చింది. 1974లో ఆ సంస్థే నిమ్‌హాన్స్ అయింది. ఆ డిప్లొమా పెరిగి రెండేళ్ళ ఎం.ఫిల్. అయింది. 1992 నాటి పునరావాస మండలి చట్టంతో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిజిస్టరు కావడం తప్పనిసరైంది. నెల్లూరు పిల్ల ఈ చదువు చదవాలంటే సికింద్రాబాదుకో, బెంగుళూరుకో పోవాలి. పెళ్ళి వయసులో రెండేళ్ళు హాస్టల్లో ఉండి పిచ్చాసుపత్రిలో పనిచేస్తానంటే ఎన్ని ఇళ్ళు ఒప్పుకుంటాయో మనకి తెలుసు.

ఆ రెండేళ్ళలో నేర్పే వాటిలో బొమ్మలు చూపించి కథ చెప్పించే పరీక్ష ఒకటుంది. టి.ఏ.టి. అంటారు. 1935లో దీన్ని లోకానికి పరిచయం చేసిన వ్యాసం మీద మొదటి పేరు క్రిస్టియానా మోర్గన్ది, రెండోది హెన్రీ మర్రేది. 1943లో పరీక్ష అచ్చయ్యేసరికి మర్రే ఒక్కడే మిగిలాడు. ఇతరుల కథలు బయటికి తెచ్చే పనిముట్టు చేసిన స్త్రీ కథే అట్ట మీంచి చెరిగిపోయింది. సాహిత్య చరిత్రలో ఇలాంటివి ఎన్నో చూసినవాళ్ళం, ఆశ్చర్యపడం.

మన దగ్గర కోర్టుల్లో ఆ రోజుల్లో మనస్తత్వ శాస్త్రం చెప్పినవాళ్ళు వకీళ్ళే. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసు స్టేషన్లో అత్యాచారం జరిగింది, భర్తని కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా విచారణ పొడుగునా నిలబెట్టింది ఆమె శీలాన్నే. చివరికి రాయచూరు కోర్టు నిందితుల్ని వదిలేసింది. అంత భయం చూసిన స్త్రీ జ్ఞాపకం ఎలా ముక్కలవుతుందో, చెప్పేటప్పుడు వరస ఎందుకు తప్పుతుందో న్యాయస్థానానికి వివరించే నిపుణులు ఆనాడు లేరు. అత్యాచారం కేసులో స్త్రీ ‘నడత’ని ఎత్తిచూపి సాక్ష్యాన్ని కొట్టిపారేసే వీలు సాక్ష్య చట్టంలోంచి 2003లోగాని పోలేదు.

నిపుణులు వచ్చిన తర్వాతైనా వాళ్ళు ఎవరి పక్షాన నిలబడ్డారు? 2000 తర్వాతి దశాబ్దంలో ఫోరెన్సిక్ సైకాలజీ అంటే టీవీ చూసే జనానికి నార్కో పరీక్ష. మత్తిచ్చి మాట్లాడించడం, తలకి తీగలు తగిలించి అబద్ధం పట్టడం. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మనసుని వినడానికి, మనసుని దోచడానికి తేడా ఏమిటో చెప్పిన తీర్పు అది. సైకాలజీ చదివే ప్రతి విద్యార్థినికీ మొదటి పాఠంగా చెప్పాల్సింది.

దానికి కొద్ది నెలల ముందే, 2009 డిసెంబరు 31న, నేర విచారణ స్మృతికి ఒక సవరణ అమల్లోకి వచ్చింది. ముద్దాయికి మతిస్థిమితం లేదని సివిల్ సర్జన్ భావిస్తే సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో పంపాలని రాశారు. అలా ఈ వృత్తి పేరు ఆ స్మృతిలోకి చేరింది. కానీ చట్టంలో మాట పుట్టినంత మాత్రాన జిల్లాలో మనిషి పుట్టదు. 2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకున్న తల్లిదండ్రులు ఎదిగిన కూతుళ్ళిద్దర్నీ చంపిన ఘటనలో ఆ దంపతుల్ని పరీక్షలకి తిరుపతి తీసుకుపోయి, అక్కణ్ణుంచి రాష్ట్రం ఆ చివరున్న విశాఖపట్నానికి పంపాల్సి వచ్చింది. ఈలోగా టీవీలు ఆ తల్లి మాటల్ని రోజంతా తిప్పి తిప్పి వినిపించి నవ్వుకున్నాయి. వినడం నేర్చినవాళ్ళు దగ్గర్లో లేనప్పుడు ఆ చోటుని ఆక్రమించేది కెమెరాయే.

మరి బావిలోంచి బయటపడ్డ తల్లి సంగతి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదంటుంది. న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ అసలే లేదు. కానీ పిల్లలు పోయారు కాబట్టి ఆమె మీద హత్యకేసు నిలిచే ఉంటుంది. చూడండి, దూకింది ఒక్కసారే. తన ప్రాణం విషయంలో ఆమె మనసు ఒత్తిడితో నలిగిపోయిందని చట్టమే ముందుగా ఒప్పుకుంటుంది. చంకలో ఉన్న బిడ్డ విషయంలో అదే క్షణంలో అదే మనసు ఉద్దేశపూర్వకంగా హత్య చేసిందంటుంది. ఒక మనసుని రెండుగా చీల్చిన ఈ రెండు చట్టాల మధ్య నిలబడి, అది ఒక్క మనసేనని చెప్పాల్సినవాళ్ళు క్లినికల్ సైకాలజిస్టులు.

చెప్పాలంటే ముందు ఆమె మాట అర్థం కావాలి. మా వైపు ఆడమనిషి ‘డిప్రెషన్’ అనదు. ‘యాష్టకొచ్చింది’ అంటుంది. ‘ఉండబుద్ధి కాలా’ అంటుంది. ‘నా మతి నాకు లేదు’ అంటుంది. ఈ చివరి మాటని రిపోర్టులో ఎలా రాస్తారు? 84వ సెక్షన్ భాషలోకి మారిస్తే మతిస్థిమితం లేనిదవుతుంది. విసురుగా అన్న మాటగా కొట్టేస్తే తెలిసి చేసినదవుతుంది. ఆమె మాత్రం మూడోది చెబుతోంది. రాత్రంతా దెబ్బలు తిని, తెల్లారి పాలకి డబ్బుల్లేక, ఎవరి గడపకీ పోలేక ఉన్న మనిషి మాట అది. చదువంతా ఇంగ్లీషులో సాగి, రిపోర్టు ఇంగ్లీషులో రాసే విద్యార్థినికి ఈ తేడా ఎవరు నేర్పుతారు? ఆమె అన్న మాటని తెలుగులో ఆమె అన్నట్టే రిపోర్టులో రాసి, దాని కింద తన అభిప్రాయం విడిగా రాయడం నేర్పితే సగం అన్యాయం తగ్గుతుంది. ఎవరి కోసం పనిచేస్తున్నానో, చెప్పింది కోర్టుకి చేరుతుందో లేదో మొదటిరోజే ఆ స్త్రీకి చెప్పడం నేర్పితే ఇంకొంత తగ్గుతుంది.

వినడంలో మనకి వారసత్వం లేకపోలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల మాటల్ని వాళ్ళ గొంతులోనే అచ్చువేసింది. భార్గవి దావర్, తల్లి పడిన నిర్బంధ వైద్యాన్ని చూసి పెరిగి, 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం రాసింది. 2024లో చనిపోయేదాకా, పిచ్చిది అనిపించుకున్న స్త్రీకి కూడా నిర్ణయాధికారం ఉందని వాదిస్తూనే ఉంది.

మా జిల్లా సంగతే తీసుకుంటే, 1992లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ, వాచకంలో పాఠం చదివి, తమ ఇళ్ళలో కన్నీళ్ళకి సారా కారణమని తేల్చుకున్నారు. ఎవరికి వాళ్ళు తన తలరాత అనుకున్నది అందరి కథా అయింది. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఒక్కొక్క స్త్రీనీ విడిగా కూర్చోబెట్టి పరీక్షించి ఉంటే ఊరినిండా రోగులు తేలేవాళ్ళు. అందరూ కలిసి కూర్చున్నారు కాబట్టి కారణం తేలింది.

ఫోరెన్సిక్ సైకాలజీ తరగతిలో శిక్షాస్మృతితో పాటు ఈ చరిత్ర కూడా పాఠం కావాలి. బావిలోంచి పైకి లాగిన ఆ తల్లి పక్కన కూర్చునే అమ్మాయి, ఆమె మనసులో ఏముందని అడగడానికి ముందు ఆమె ఇంట్లో ఏముందని అడగడం నేర్చుకోవాలి. రిపోర్టులో మొదటి వాక్యం అక్కణ్ణుంచే మొదలు కావాలి.