మత్స్యవేట నియంత్రణము

జలములందలి చేప తరుగకుండుటకై వేటకాలమును, వేటచోటును, వలకన్ను వెడల్పును, పడవ పరిమాణమును ప్రభుత్వము శాసనముచే నిర్ణయించుటకు మత్స్యవేట నియంత్రణమని పేరు. తెలుగునాట నేడిది ముఖ్యముగా రెండు రూపముల అమలునందున్నది. ఆంధ్రప్రదేశ్ తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలును, ఇంజను బిగించిన నావలును కడలిలోనికి పోరాదు. ఇంజను లేని తెప్పలకు మాత్రము మినహాయింపు కలదు. ఉభయ రాష్ట్రముల పెద్ద జలాశయములందు జూలై, ఆగస్టు నెలలలో వల వేయరాదు. మొదటిది వేసవి నిషేధము, రెండవది వానకాలపు నిషేధము.

సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకు ఈ విషయముతో సంబంధమేమని తోచవచ్చును. ఉస్మాన్‌గంజ్ టోకు కిరాణా దుకాణముల నడుమనుండి ఒక దిక్కునకు కొంత నడిచినచో బేగంబజారు చేపల మార్కెట్టు వచ్చును. నాంపల్లి దిక్కునకు నడిచినచో ఎగ్జిబిషన్ మైదానము వచ్చును. జూన్ మొదటి పక్షమున మృగశిర కార్తె ప్రవేశించు దినమున ఈ రెండు చోట్లను చూచినవారికి సంబంధము తేటపడును. ఆనాడు చేప తినవలెనను ఆచారము తెలంగాణమున ఇంటింట ఉన్నది. మార్కెట్టులో నీటితొట్ల నిండ కొర్రమీలు తోకలు కొట్టుచుండును. కత్తిపీటల ముందు కూర్చున్నవారికి తల యెత్తుటకు తీరిక యుండదు. మైదానమున బత్తిని వంశీయులు ఉబ్బసపు రోగులకు చేపప్రసాదము పంచుదురు: వ్రేలెడు కొర్రమీను పిల్ల నోట మందుముద్ద నుంచి ప్రాణముతోనే మ్రింగింతురు. ఆ మందు గుణమును వైద్యశాస్త్రము నిరూపింపలేదు గాని, చేపపిల్లలను సమకూర్చునది మాత్రము ప్రభుత్వ మత్స్యశాఖయే. చేపకు ఇంతటి గిరాకి కలుగు ఈ దినములే తొలకరికి చేప గుడ్లు పెట్టుటకు సన్నద్ధమగు దినములు. భుజించువాని పంచాంగమును, చేప పంచాంగమును ఇట్లు ఒక్కచోట ఢీకొనుచున్నవి. నియంత్రణ చరిత్రయంతయు ఈ ఢీకొనుటను తప్పించుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

ఆ ప్రయత్నము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. అశోకుడు పట్టాభిషేకమైన 26 సంవత్సరములకు వ్రాయించిన అయిదవ స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదని పేర్కొనుటయే గాక, చాతుర్మాస్య పూర్ణిమలందును, ఉపవాస దినములందును చేపను చంపుట, అమ్ముట రెండును నిషేధించెను. విక్రయమును గూడ ఆపినగాని వేట ఆగదని ఆనాడే గ్రహించుట గమనింపదగినది. కౌటిల్యుని అర్థశాస్త్రము జాలరుల పట్టుబడిలో ఆరవ పాలు రాజునకు చెందవలెనని విధించినది. అది సంరక్షణ గాదు, పన్ను. తరువాతి రాజ్యములలోను చెరువు చేప ప్రధానముగా ఆదాయవస్తువుగనే నిలిచినది.

ఆధునిక నియంత్రణమునకు పునాది వేసినవాడు మద్రాసు సైన్యమున వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే. ఆయన 1873లో ప్రకటించిన నివేదికలో, కాలువలందును వరిమళ్లయందును మాటులు పన్ని చేపపిల్లలను లెక్కలేకుండ పట్టుచున్నారనియు, వలకన్నుకు కనీసపు వెడల్పు నిర్ణయింపవలెననియు, ఆనకట్టలు చేపల ఎదురీతకు అడ్డమగుచున్నవనియు హెచ్చరించెను. ఆ మాట చట్టమగుటకు 24 సంవత్సరములు పట్టినది. 1897 భారత మత్స్యచట్టము జలములలో మందుగుండు పేల్చి, విషము కలిపి చేపలను చంపుటను నేరముగా జేసి, వలకన్నును, స్థిరమైన మాటులను, వేటకాలమును నియమించు అధికారమును రాష్ట్రప్రభుత్వముల కిచ్చెను. దాని అధికారము తీరమునుండి ఒక్క సముద్ర లీగు దూరముతో ఆగిపోయెను. అంతకు పై కడలి తరుగునని ఎవరును తలపలేదు. 1883లో లండను మత్స్యప్రదర్శనమున ఆంగ్ల జీవశాస్త్ర పండితుడు హక్స్లీ సముద్రపు గొప్ప మత్స్యసంపదలు అక్షయములని పలికిన కాలమది. ఆ విశ్వాసమునకు మూల్యము చెల్లించినది కెనడా: న్యూఫౌండ్లాండు కాడ్ చేప వేటను 1992లో పూర్తిగా ఆపవలసి వచ్చినప్పుడు వేలాది కుటుంబముల జీవనము ఒక్కమాఱుగా కూలిపోయెను. నియంత్రణము ఆలస్యమైనచో అది నియంత్రణముగా గాక నిరుద్యోగముగా వచ్చును.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము మత్స్యపరిశ్రమను రాష్ట్రజాబితాలో 21వ అంశముగను, ప్రాదేశిక జలముల కావలి వేటను కేంద్రజాబితాలో 57వ అంశముగను చేర్చినది. 1976 చట్టము ప్రాదేశిక జలములను 12 నాటికల్ మైళ్లుగను, ప్రత్యేక ఆర్థిక మండలమును 200 నాటికల్ మైళ్లుగను నిర్ణయించెను. ఈలోపల తీరమున మరపడవలు ప్రవేశించినవి. రొయ్య ఎగుమతికి ధర పెరిగినకొలది విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ట్రాలర్లు పెరిగినవి. రొయ్య దొరకు నేల ఒడ్డుకు దగ్గరనే యుండుటచే, తరతరములుగా తెప్పలపై, నావలపై వేటాడు వాడబలిజ, జాలరి, పల్లెకారుల వలలను ఇంజను పడవలు త్రొక్కి చింపుచు పోవుట సాధారణమయ్యెను. తెగిన వల అనగా జాలరికి ఆ ఋతువు పెట్టుబడి యంతయు పోవుటయే. తీరరాష్ట్రములన్నిటను ఇదే కలహము రేగుటచే కేంద్రము ఒక నమూనా శాసనమును పంపగా, కేరళ, గోవా 1980లో చట్టములు చేసికొనెను. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము 1994 నాటిది. నాటి లెక్క ప్రకారము 974 కిలోమీటర్ల తీరపు జాలరుల మేలుకీళ్లను నిర్ణయించిన ఈ శాసనము నాటి రాజధానియైన హైదరాబాదుననే, నాంపల్లి చేరువనున్న శాసనసభా ప్రాంగణము నుండియే వెలువడెను.

ఈ చట్టపు ప్రాణము 8 కిలోమీటర్ల గీత. ఒడ్డునుండి 8 కిలోమీటర్ల జలము సంప్రదాయ జాలరులది. మరపడవలు దాని కావలనే వల వేయవలెను. నీటిమీద గీత కనబడదు గనుక తగవు తీరలేదు. 2022 జనవరిలో విశాఖపట్టణమున రింగువలల విషయమై జాలరిపేటల నడుమ సంఘర్షణ జరిగి పడవలు దగ్ధమయ్యెను. ఇరుపక్షములందున్నవారును జాలరులే, ఒకరు చేపల గుంపును చుట్టివైచు పెద్దవలకు అప్పు చేసినవారు, వేరొకరు ఆ వల వలన తమ చిన్నవలలు ఖాళీగా వచ్చుచున్నవని వాపోవువారు. శాసనము గీత గీసి పోలీసును పంపినంత మాత్రమున చాలదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. జంట పడవలతో వల లాగుటను, విద్యుద్దీపములతో చేపలను ఆకర్షించి పట్టుటను 2017లో కేంద్రము ఆర్థిక మండలమంతట నిషేధించెను.

కాలనిషేధమున మార్గదర్శి కేరళ; వర్షకాలపు ట్రాలింగు నిషేధమును అది 1988లో ఆరంభించినది. తూర్పుతీరమున ఇది సుమారు 2000 నుండి క్రమబద్ధమై మొదట ఏప్రిల్ 15 మొదలు మే 31 వరకు సాగెను; 2015లో 61 దినములకు పెంచబడినది. పశ్చిమతీరమున అదే నిషేధము జూన్ 1 నుండి జూలై 31 వరకు. గుజరాతు వేరావల్ రేవునకు వలసపోయి కూలికి పడవలెక్కు శ్రీకాకుళపు జాలరులకు ఈ రెండవ పంచాంగమే వర్తించును. 2020లో మహమ్మారి వలన పడవలు ముందే నిలిచిపోయినందున తూర్పుతీరపు నిషేధమును మే 31 నాటికే ముగించిరి.

ఉష్ణమండల సముద్రమున చేపలన్నియు ఒక్కకాలమున గుడ్లు పెట్టవు. వంజరము కాలము వేరు, కవ్వళ్ల కాలము వేరు, రొయ్య కాలము వేరు. కనుక రెండునెలల నిషేధము ప్రతిజాతికి సరిపడదని విమర్శ కలదు. విమర్శ న్యాయమైనదే. అయినను గుడ్లు కాపాడుట ఒక్కటే దీని ప్రయోజనము గాదు. ఏడాది పొడుగున ట్రాలువల ఈడ్చుచుండిన సముద్రతలమునకు రెండునెలల విశ్రాంతి; అప్పుడే పుట్టిన పిల్లలకు వలకు చిక్కకుండ ఎదుగు అవకాశము; ఇవి స్వల్పలాభములు గావు. నిషేధము ముగిసిన తొలిదినములలో బోట్లు నిండుగా తిరిగి వచ్చుట రేవుల అనుభవము. ఆ నిండుతనమును మొదటివారముననే ఊడ్చివేయకుండుట మాత్రము ఏ చట్టమును ఇంకను సాధింపలేదు.

ఆ 61 దినములు జాలరి ఏమి తినును? ఈ వ్యాసవిషయమునకు హృదయము ఈ ప్రశ్నయే. బోట్లు రేవున వరుసగా కట్టబడి యుండును. ఇసుకమీద వలలు పరచి, చిరిగినచోట్ల నైలాను దారముతో అల్లుచు, పడవలకు రంగు వేయుచు పురుషులు దినములు గడుపుదురు. చేపలగంప తలనెత్తుకొని ఊరూర తిరుగు స్త్రీకి ఆ పనియు లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తొలుత స్వల్పముగా ఇచ్చుచుండిన నిషేధకాల భృతిని 2019లో 10,000 రూపాయలకు పెంచి, తూర్పుగోదావరి జిల్లా కొమానపల్లిలో పంపిణీ నారంభించెను. 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెమున 20,000 రూపాయలు చేసి లక్షకు పైగా కుటుంబములకు పంచెను. ఈ భృతి పడవలెక్కి వేటకు పోవువారిని లెక్కించి ఇచ్చునది. గంపలమ్మలకును, మంచు మోయు కూలీలకును లెక్క వేరుగా వేయని నిషేధము అసంపూర్ణమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. సముద్రము అందరికొరకు విశ్రమించుచుండగా ఆకలిని కొందరే మోయుట తగదు.

కొల్లేటి సరస్సు కథ వేరు. అక్కడ నియంత్రింపవలసినది వేట గాదు, చెరువులు. ప్రభుత్వము 1999 అక్టోబరు 4న +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించి, కృత్రిమ చేపల పెంపకమును నిషేధించి, సంప్రదాయపు వేటను మాత్రము అనుమతించెను. 2002లో కొల్లేరు రామ్‌సార్ అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాకెక్కినది; 2006లో అందలి చేపల చెరువుల గట్లు తెగగొట్టబడెను. సరస్సు కావల ఉభయగోదావరి, కృష్ణా మండలములలో పెంపకపు చెరువులు విస్తరించి, మంచుపెట్టెలలో బొచ్చె, శీలావతి లారీలమీద హైదరాబాదునకు చేరుచున్నవి.

ఏటి చేపలలో పులస దుర్గతి ప్రత్యేకము. వరదకాలమున గుడ్లు పెట్టుటకై సముద్రమునుండి గోదావరిలోనికి ఎదురీదుచు వచ్చు చేప యిది. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట దాని దారికి అడ్డుపడినది. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత దాని ప్రాణమునకు అడ్డుపడినది. గుడ్లతో వచ్చు చేపకే రుచి యెక్కువని వెల యెక్కువ. వెల యెక్కువ గనుక వల యెక్కువ.

తెలంగాణమున చేప ప్రధానముగా చెరువుది. 2016 నుండి ప్రభుత్వము ఏటేట ఉచితముగా చేపపిల్లలను చెరువులలో విడుచుచున్నది. పట్టుకొను హక్కు గంగపుత్ర, బెస్త, ముదిరాజుల సహకార సంఘములది. తొలకరి వరదకు చెరువు అలుగు పారునప్పుడు గుడ్లతో నిండిన చేప నీటికెదురెక్కును. అలుగు క్రింద నిలిచి దానిని పట్టుట పిల్లలకు సైతము సులభము. వానకాలపు నిషేధము కాపాడదలచినది ఆ చేపనే. పెద్ద జలాశయములపై గస్తీ తిరుగవచ్చును గాని వేలకొలది అలుగుల కడ కాపలా నిలుపుట మత్స్యశాఖకు శక్యము గాదు. కనుక ఆషాఢ శ్రావణములందు బేగంబజారు తొట్టి యొద్ద నిలిచిన పాఠకుడు కడుపు నిండుగానున్న కొర్రమీనును బేరమాడక విడిచి, పెంపకపు చెరువు చేపను అడుగవలెనని ప్రార్థన.