వెనక నుంచి వచ్చిన గొంతు

లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ థామస్ చర్చిలో కచేరీకి కూర్చుంటే పాడేవాళ్ళు కనబడరు. మన బల్లలు బలిపీఠం వైపు తిరిగి ఉంటాయి. గాయకులూ వాద్యకారులూ మన వెనక, పడమటి వైపు గ్యాలరీలో ఉంటారు. పాట వీపు మీదుగా, తల మీదుగా వచ్చి ఎదురుగా ఉన్న స్తంభాలకు తగిలి తిరిగి మన దగ్గరికి చేరుతుంది. ఆ జూన్ సాయంత్రం ఒక స్త్రీ గొంతు అలాగే వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటోంది. నేను ఉండబట్టలేక మెడ తిప్పి పైకి చూశాను. ఆమె ముఖం కనబడలేదు. కాగితాలు పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనబడింది.

నాకు పాశ్చాత్య సంగీతం తెలియదు. నేను చదువుకున్నది సాహిత్యం. ఒక సదస్సు కోసం జర్మనీ వెళ్ళి, మిగిలిన రెండు రోజులకి లైప్‌జిగ్ చేరాను. అక్కడ జరిగే బాఖ్ ఉత్సవం పేరు అంతకుముందే విని ఉన్నాను. 1723 నుంచి 1750లో చనిపోయేవరకు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ ఊళ్ళోనే చర్చి సంగీతం నడిపాడు. 1999 నుంచి నగరం తరపున బాఖ్ ఆర్కైవ్ సంస్థ ఏటా ఈ పండగ చేస్తోంది. 2020లో కరోనా వల్ల ఆగింది. మామూలుగా పది రోజులకు తక్కువ కాకుండా, ఆయన పనిచేసిన సెయింట్ థామస్, సెయింట్ నికొలస్ చర్చిల్లోనూ ఊళ్ళోని ఇతర చోట్లా కచేరీలు ఉంటాయి. సెయింట్ నికొలస్ చర్చి అంటే 1989లో తూర్పు జర్మనీ ప్రభుత్వాన్ని కదిలించిన సోమవారం ప్రదర్శనలు మొదలైన చోటు. ఆ చరిత్ర చెప్పే ఫలకాల ముందు జనం ఆగుతారు. నన్ను ఆపింది వేరే విషయం.

ఆ సాయంత్రం విన్న రచనని కాంటాటా అంటారు. ఆదివారాల్లో, పండగల్లో ప్రార్థన మధ్య పాడటానికి, ఆ రోజు చదివే బైబిలు భాగాన్ని ఆధారం చేసుకుని రాసిన పాటల వరుస. 1725 మే 21న, పెంతెకొస్తు పండగ రెండోరోజున మొదటిసారి పాడిన కాంటాటా అది. అందులో సోప్రానో పాట చాలా ప్రసిద్ధి. నా అలవాటు కొద్దీ చేతిలో ఉన్న కార్యక్రమం పుస్తకంలో సాహిత్యం ఎవరిదా అని వెతికాను. చిన్న అక్షరాల్లో ఒక స్త్రీ పేరు ఉంది: క్రిస్టియానా మరియానా ఫాన్ త్సీగ్లర్.

అంటే, పైన పాడుతున్నది స్త్రీ. పదాలు స్త్రీవి. ఈ రెండింటిలో మొదటిది 1725లో ఈ చర్చిలో జరిగే వీలు లేదు.

చర్చిలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఉంది. లూథరన్ చర్చిల్లో ఆడవాళ్ళు బల్లల దగ్గర నిలబడి అందరితో కలిసి కీర్తనలు పాడేవాళ్ళు, దానికి అడ్డు లేదు. కానీ గ్యాలరీలో వాద్యాలతో పాడే సంగీతం థామస్ పాఠశాల కుర్రాళ్ళది. ఎత్తు గొంతు పాటలు కూడా అబ్బాయిలే పాడేవాళ్ళు. ఆడవాళ్ళు ఎక్కువగా కింది బల్లల మీద, మగవాళ్ళలో చాలామంది పై గ్యాలరీల్లో. 1706లో, ఇరవై ఒక్కేళ్ళ బాఖ్ ఆర్న్‌స్టాట్‌లో ఆర్గాన్ వాయించే రోజుల్లో, ఎవరో పరాయి అమ్మాయిని గ్యాలరీలోకి రానిచ్చి పాడించాడని చర్చి అధికారులు అతన్ని నిలదీశారు. పాస్టరుగారికి చెప్పే చేశానని అతని జవాబు. ఆ జవాబు రికార్డుల్లో ఉంది. అమ్మాయి పేరు లేదు. ఆమె అతని మొదటి భార్య అయిన మరియా బార్బరా అయ్యుండొచ్చని జీవిత చరిత్రకారులు ఊహిస్తారు. ఊహ ఎందుకంటే రాసినవాళ్ళకి ఆ పేరు అవసరం అనిపించలేదు మరి!

హాంబర్గ్‌లో మత్తేసన్ అనే సంగీతకారుడు మాత్రం ధైర్యం చేసి కెథెడ్రల్‌లో గాయనులతో పాడించాడు. మొదట్లో వాళ్ళని ఎవరికీ కనబడకుండా నిలబెట్టాల్సి వచ్చిందని అతనే రాసుకున్నాడు. థామస్ చర్చిలో మెడ తిప్పినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తర్వాత చదివి, ఆ కాగితాలు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

ఇక్కడ ఇరవయ్యో శతాబ్దపు సంగతి ఒకటి చెప్పాలి. బరోక్ సంగీతాన్ని ఆ కాలం వాద్యాలతో, ఆ కాలం పద్ధతిలోనే వినిపించాలనే ఉద్యమం ఒకటి వచ్చింది. దానివల్ల మేలు జరిగింది, కాదనను. అయితే హార్నన్‌కోర్ట్, లియోన్‌హార్ట్ కలిసి 1971 నుంచి 1989 దాకా బాఖ్ చర్చి కాంటాటాలన్నీ రికార్డు చేసినప్పుడు, ఎత్తు స్థాయి పాటలు చాలావరకు అబ్బాయిల చేతే పాడించారు. అసలు రూపానికి నిజాయితీగా ఉండటమంటే స్త్రీ గొంతుని మళ్ళీ బయటికి పంపడం అన్నమాట. తర్వాత వచ్చిన కోప్‌మన్, గార్డినర్, సుజుకి గాయనులనే ఎంచుకున్నారు. ఇవాళ ఉత్సవంలో స్త్రీలు అన్నిచోట్లా పాడుతున్నారు. 1212లో మొదలైన థామస్ బృందం మాత్రం ఇప్పటికీ అబ్బాయిలదే. సంప్రదాయాన్ని నిలబెట్టడం అనే మాట వినబడ్డప్పుడల్లా ఏ సంప్రదాయం, ఎవరిది అని అడగడం మనకి అలవాటైన పని. చర్చిలోనైనా గుడిలోనైనా ఆ ప్రశ్న మారదు.

త్సీగ్లర్ దగ్గరికి వస్తాను. 1695లో లైప్‌జిగ్‌లోనే పుట్టింది. తండ్రి రొమానుస్ ఆ ఊరి మేయరు. 1705లో అరెస్టయి, 1746లో చనిపోయేదాకా కోటలో బందీగానే ఉన్నాడు. పదేళ్ళ పిల్ల చూసిన తండ్రి అది. రెండు పెళ్ళిళ్ళు, రెండుసార్లు వైధవ్యం, ఇద్దరు బిడ్డల మరణం. 1722 నాటికి, ఇరవై ఏడేళ్ళకే, ఇవన్నీ దాటి తల్లి ఇంటికి తిరిగి వచ్చింది. కాథరీనా వీధి మూల మీద ఆ రొమానుస్ భవనం ఇంకా ఉంది. ఆ ఇంట్లోనే రచయితలనూ సంగీతకారులనూ చేరదీసింది. తానూ వాద్యాలు వాయించేది.

1725 వసంతంలో, ఏప్రిల్ 22 నుంచి మే 27 వరకు, బాఖ్ ఆమె రాసిన తొమ్మిది కాంటాటాలకు వరసగా స్వరాలు కట్టాడు. ఎక్కవద్దన్న గ్యాలరీ నుంచి అయిదు వారాల పాటు ఆమె మాటలే వినిపించాయి. ఆడదాని మాటలు అబ్బాయిల నోట, కింద బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళకి. వాళ్ళలో ఎంతమందికి తెలుసో!

బాఖ్ పాడించిన పాఠమూ, 1728లో ఆమె తన పుస్తకంలో అచ్చు వేసుకున్న పాఠమూ ఒకటి కావు. చాలాచోట్ల తేడాలున్నాయి. మార్చింది బాఖేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ మార్పులు పాటకి మంచివే అని సంగీతం వాళ్ళు వాదిస్తారు, అయ్యుండొచ్చు కూడా. నాకు ముఖ్యంగా తోచింది, అంత పెద్ద సంగీతకారుడు పాడించిన పాఠాన్ని పక్కన పెట్టి ఆమె తన పాఠాన్నే తన పేరుతో అచ్చు వేసుకోవడం. పరిశోధకురాలిగా ఇలాంటి చిన్న మొండితనాలే నాకు పెద్ద ఆధారాలు. ఆ తొమ్మిది రచనలకూ బాఖ్‌కూ ఉన్న సంబంధాన్ని ఫిలిప్ స్పిట్టా అనే పండితుడు 19వ శతాబ్దం చివర్లో ఆ పుస్తకం ఆధారంగానే బయటపెట్టాడు. అచ్చు వేసుకోకపోయి ఉంటే అవి అజ్ఞాత కవివిగా మిగిలేవి.

1731లో గాట్‌షెడ్ నాయకత్వంలోని జర్మన్ సాహిత్య సంఘంలో మొదటి మహిళా సభ్యురాలైంది. 1733లో విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆమెకు ఆస్థాన కవి గౌరవం ఇచ్చింది. వెంటనే ఎగతాళి పద్యాలూ వచ్చాయి. 1739 పుస్తకంలో స్త్రీలు శాస్త్రాలు చదవవచ్చా అన్న ప్రశ్న మీద వ్యాసం రాసింది, మగజాతిని ఆటపట్టిస్తూ స్త్రీల తరపున ఒక పద్యమూ రాసింది. 1741లో ఒక ప్రొఫెసర్‌ని మూడో పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. తర్వాత ఆమె ఏమీ ప్రచురించలేదు.

ఆ శతాబ్దంలోనే తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ఉంది. పోలిక తేలిగ్గా చెయ్యకూడదని నాకు తెలుసు. ఒకామె మేయరు కూతురు, మరొకామె దేవదాసి కులంలో పుట్టింది, వాళ్ళ మాటలకి పడిన శిక్షలు వేరు. కానీ రాధికా సాంత్వనాన్ని 1910లో మళ్ళీ పూర్తిగా అచ్చు వేసిన బెంగళూరు నాగరత్నమ్మే తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరాన్ని కట్టించింది. అక్కడ ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేకపోతే, ఆడవాళ్ళతో వేరే కచేరీలు పెట్టించింది. 1940లో అన్ని పక్షాలూ కలిశాక గానీ అందరితో పాటు పాడే చోటు దొరకలేదు. రాసిన మాటా పాడే చోటూ రెండూ ఒకే పోరాటమని ఆమెకు తెలిసినంత స్పష్టంగా మన సాహిత్య చరిత్రలకి తెలియదు. గుడి కట్టిన మనిషి గుడి బయట పాడాల్సి రావడం గురించి మనమింకా సరిగ్గా రాసుకోలేదు.

లైప్‌జిగ్‌లో రెండో స్త్రీ అన్నా మగ్దలేనా, బాఖ్ రెండో భార్య. 1701లో పుట్టింది, ట్రంపెట్ వాద్యకారుడి కూతురు. కోతెన్ రాజాస్థానంలో జీతం తీసుకునే గాయని. 1721లో పెళ్ళి. 1723లో భర్త ఉద్యోగం కోసం లైప్‌జిగ్ వచ్చారు. అక్కడి ఒపెరా 1720లోనే మూతపడింది. చర్చిలో స్త్రీలకు చోటు లేదు. ఇరవై ఒక్కేళ్ళ వృత్తి గాయనికి ఆ ఊళ్ళో మిగిలింది ఇల్లు. తర్వాత కొన్నిసార్లు భర్తతో కోతెన్ వెళ్ళి పాడింది. 1730లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో బాఖ్ తన భార్య గొంతు చక్కగా ఉంటుందనీ, ఇంట్లోవాళ్ళతోనే కచేరీ చెయ్యగలననీ మురిసిపోయాడు. ఆమెకు పదమూడు మంది పిల్లలు పుట్టారు, ఏడుగురు చిన్నప్పుడే పోయారు.

ఆమె ఎక్కువగా చేసిన పని ప్రతులు రాయడం. సెల్లో మీద ఒంటరిగా వాయించే ఆరు సూట్లు ప్రపంచమంతా వాయిస్తారు. వాటికి బాఖ్ స్వదస్తూరి ప్రతి దొరకలేదు, ఆమె రాసిన ప్రతే ముఖ్య ఆధారం. ఆమె అక్షరం భర్త అక్షరానికి ఎంత దగ్గరంటే చాలాకాలం పండితులు ఇద్దరినీ కలిపేశారు. ఆ సూట్లు ఆమే రచించిందని ఈ శతాబ్దంలో ఒకాయన పుస్తకం రాశాడు. చాలామంది పండితులు ఒప్పుకోలేదు, ఆధారాలు చూస్తే నేనూ ఒప్పుకోను. స్త్రీని గౌరవించడానికి ఆమెను రహస్య స్వరకర్తని చెయ్యక్కర్లేదు. ప్రతి రాయడం పని కాదా?

మా నాన్న థీసిస్ శుద్ధప్రతి మా అమ్మ రాసింది. రాత్రి వంటిల్లు కడిగాక, గుండ్రటి అక్షరాలతో, నాలుగు వందల పైచిలుకు పేజీలు. టైపిస్టు ఆ ప్రతి చూసి మెచ్చుకున్నాడని ఇప్పటికీ చెప్తుంది. కృతజ్ఞతల పేజీలో ఆఖరి వాక్యం "నా శ్రీమతికి". పేరు లేదు. లైప్‌జిగ్‌లో అన్నా మగ్దలేనా రాతల నకళ్ళు చూస్తుంటే అమ్మకి ఫోన్ చెయ్యాలనిపించింది. చేశాను. "నీ పుస్తకం పని ఎంతవరకు వచ్చిందే?" అని అడిగింది.

1750 జూలైలో బాఖ్ చనిపోయాడు. ఆస్తిలో మూడో వంతు భార్యకి, మిగతాది బతికున్న తొమ్మిది మంది పిల్లలకి. మళ్ళీ పెళ్ళి చేసుకోనని మాటిచ్చి మైనరు పిల్లల సంరక్షణ తీసుకుంది. కాంటార్ ఇల్లు ఖాళీ చెయ్యాలి. వెంటనే వెళ్ళిపోకుండా మరో ఆరు నెలలు ఉండనివ్వడానికి బదులుగా ఆమె కోరల్ కాంటాటాల గాత్ర, వాద్య భాగాల కట్టల్ని నగరానికి ఇచ్చిందని చెప్తారు. 1752లో ఆమె పేదరికం చూసీ, ఇచ్చిన కొన్ని సంగీత ప్రతులకుగానూ నగర మండలి 40 తాలర్లు ఇచ్చినట్టు లెక్కల్లో ఉంది. 1760 ఫిబ్రవరి 27న చనిపోయినప్పుడు ఆమెను భిక్షం మీద బతికే స్త్రీగా రాసుకున్నారు. ఆ మాటకి అర్థం మనం అనుకునేంత దీనం కాదని ఇటీవలి పరిశోధన వాదిస్తోంది. అయినా ఆ ఏడాదే మే 1న త్సీగ్లర్ కూడా ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో చనిపోయింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టిన పుస్తకం నా కంటబడలేదు.

ఆ నలభై నాలుగు కట్టలు ఇప్పుడు చర్చి ఎదురుగా ఉన్న బోసె భవనంలో, ఉత్సవం నడిపే బాఖ్ ఆర్కైవ్‌లోనే ఉన్నాయి. ఏటా చర్చిల్లో ఆ కాంటాటాలు పాడుతున్నప్పుడు, ఒక విధవరాలు ఆరు నెలల ఇంటి నీడ కోసం ఇచ్చిన కాగితాలే వాటికి తొలి ఆధారం.

మర్నాడు రైలుకి రెండు గంటల టైముంటే జోహన్నిస్ చౌక్‌కి నడిచాను. బాఖ్‌ని మొదట పూడ్చిన శ్మశానం అక్కడుండేది. చర్చి 1943 బాంబు దాడిలో పోయింది. 1950లో ఆయన అవశేషాలను థామస్ చర్చిలో బలిపీఠం ముందుకి మార్చారు, దాని మీద రోజూ పూలుంటాయి. అన్నా మగ్దలేనా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చెట్ల కింద ఒక బల్ల మీద కూర్చుని, కార్యక్రమం పుస్తకంలో త్సీగ్లర్ పేరున్న పేజీ మూల మడిచి సంచిలో పెట్టుకున్నాను. ట్రామ్ వచ్చింది.