పట్టా ఒకరిది, సాగు ఒకరిది: ఇబ్రహీంపట్నం ప్రాంతంలో కులాల మధ్య అంతరాల చరిత్ర

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో కులాల మధ్య ఆర్థిక అంతరం మొదటినుంచీ భూమి చుట్టూనే తిరిగింది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రహదారి మీద ఉన్న ఈ ఊరిలోనూ, పాత తాలూకాలో భాగమై తర్వాత మండలాలుగా విడిపోయిన మంచాల, యాచారం వైపు ఊళ్లలోనూ రెడ్లు, బ్రాహ్మణులు, కోమట్లు, గొల్లలు, ముదిరాజులు, గౌడులు, చాకలి, మంగలి, కుమ్మరి, వడ్ల, మాల, మాదిగ, ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పక్కపక్కనే బతికాయి. ఊళ్లకు ఎడంగా లంబాడీ తండాలు వెలిశాయి. అందరికీ ఆధారం ఒకే వాన, ఒకే చెరువు. కానీ చెరువు కింది తరి భూమి ఎవరి పేరున ఉంది, గుట్ట పక్క మెట్ట చెల్క ఎవరి పేరున ఉంది, ఎవరి పేరున ఏమీ లేదు అన్న ప్రశ్నలకు జవాబు మాత్రం ఎక్కువగా పుట్టిన కులాన్ని బట్టే ఉండేది. నూరేళ్లలో పాలనలు, చట్టాలు, లెక్కలు ఎన్నో మారాయి. ఆ మార్పుల్లో ఏవి అంతరాన్ని తగ్గించాయి, ఏవి కొత్త రూపంలో నిలబెట్టాయి అన్నది ఈ ప్రాంతపు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

నిజాం పాలనలో కులం, పని, భూమి

నిజాం కాలంలో హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న జిల్లాను అత్రాఫ్ బల్దా అనేవారు. ఇందులో అధిక భాగం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే భూమి. మధ్యమధ్య జాగీర్లు, ఇనాములు ఉండేవి. ఊరిలో అధికారమంతా వంశపారంపర్యంగా వచ్చే ముగ్గురి చేతిలో ఉండేది. శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, శాంతిభద్రతలు పోలీసు పటేల్‌వి, లెక్కలు పట్వారీవి. తెలంగాణ పల్లెల్లో పటేళ్లు ఎక్కువగా భూమిగల పై కులాలవారు, పట్వారీలు ఎక్కువగా బ్రాహ్మణులు. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఎక్కాలో తెలిసినవారు వీరే. చదువు కొన్ని ఇళ్లకే పరిమితమైన ఆ రోజుల్లో లెక్క రాసే కలం కూడా ఆస్తి కిందే లెక్క.

వృత్తి కులాలకు ఆదాయం కల్లంలో వచ్చేది. ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరికి, వడ్లకు, కుమ్మరికి, చాకలికి, మంగలికి ఏడాది పనికి గాను మేర కొలిచి ఇచ్చేవారు. పంట పండితే మేర నిండుగా, ఎండితే నామమాత్రంగా దక్కేది. కరువొస్తే ముందుగా దెబ్బతినేది తమ పేరున భూమి లేని ఈ కుటుంబాలే. ముస్లింలలో అంతరం ఇంకా ఎక్కువ. నగరంలో ఉండే జాగీర్దారూ, పల్లెలో దూది ఏకే దూదేకులవారూ, కూలికి పోయే మనిషీ ఒకే మతంవారైనా వారి బతుకుల మధ్య పోలికే లేదు. లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం మోసిన వర్తక సంచారులు. రైళ్లు, బండి బాటలు వచ్చాక ఆ రవాణా పోయి, తండాలు కట్టుకుని మెట్ట సేద్యానికి, కూలికి దిగారు.

అన్నిటికంటే కింద వెట్టి ఉండేది. ఊరికి వచ్చిన అధికారి సామాను మోయడం, కబురు తీసుకుపోవడం, చచ్చిన పశువును ఎత్తడం, చెరువు తూముకు కాపలా కాయడం వంటి పనులు మాల, మాదిగ కుటుంబాల మీద పడేవి. వీటిలో కొన్నింటికి చిన్న ఇనాం భూములుండేవి, చాలా పనులకు కూలే లేదు. దీనికి జోడుగా జీతం ఉండేది. పెళ్లికో, రోగానికో తెచ్చిన అప్పుకు బదులుగా మనిషి ఉగాది నుంచి ఉగాదికి భూస్వామి ఇంట జీతముండాలి. పొద్దు పొడవకముందే దొడ్డి ఊడ్చి పేడ ఎత్తాలి, ఎడ్లకు కుడితి పెట్టాలి, నాగలి కట్టాలి, రాత్రి పొలానికి నీళ్లు పెట్టాలి. నెలకు కొలిచి ఇచ్చే జొన్నలు ఇంట్లో నోళ్లకు చాలవు. కొరత పడితే మళ్లీ నాగుకు, అంటే వడ్డీకి, గింజలు తెచ్చుకోవాలి. ఆ నాగు పాత అప్పు మీద కలుస్తుంది, ఉగాది తిరిగేసరికి అప్పు పెరుగుతుంది. కొడుకు పసులు కాసే ఈడుకు రాగానే అదే దొడ్డిలో చేరతాడు. దీన్నే హైదరాబాద్ రాజ్యంలో భగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ చట్టం తెచ్చింది. అయితే ఆ చట్టాన్ని ఊరిలో అమలు చేయాల్సినవారు పటేల్, పట్వారీలే కావడంతో జీతగాడి బతుకు పెద్దగా మారలేదు.

లెక్కలు, పేర్లు

కులాలను పోల్చి చూసే ప్రయత్నాలు ప్రభుత్వ అవసరాల నుంచే మొదలయ్యాయి. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. పుట్టు పూర్వోత్తరాలు, పెళ్లి ఆచారాలు, వృత్తులు అందులో వివరంగా ఉన్నాయి. అయితే ఆ కాలపు ఇటువంటి గ్రంథాలకు కులమంటే ఆచారాల మూట. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు అన్న ప్రశ్నకు వాటిలో చోటు తక్కువ.

అదే కాలంలో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ ప్రభుత్వ లెక్కల్లో దళితులకు పెట్టిన పేరునే ప్రశ్నించారు. మాల, మాదిగలు ఈ నేలకు మొదటివారని, వారిని ఆది హిందువులుగా గుర్తించాలని ఆయన ఉద్యమం నడిపారు. బడులు పెట్టారు, జోగిని ఆచారాన్ని వ్యతిరేకించారు. 1931 జనగణనలో నిజాం రాజ్యం ఆ పేరును స్వీకరించింది. కింద ఉన్నవారు తమను ఏమని లెక్కించాలో తామే చెప్పి సాధించిన తొలి సందర్భాల్లో ఇదొకటి. బ్రిటిష్ కాలంలో దేశంలోని అన్ని కులాల లెక్కలనూ ప్రచురించిన జనగణనల్లో కూడా ఆ 1931 జనగణనే చివరిది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే నగరానికి ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను పరిశీలించి 1955లో పుస్తకం ప్రచురించారు. అక్కడ మనిషి హోదాను నిర్ణయించేవిగా మతం–కులం, భూమి, సంపద, ప్రభుత్వంలోనో ఊరి వ్యవస్థలోనో ఉన్న పదవి, వయసు, వ్యక్తిత్వం అనే ఆరింటిని ఆయన గుర్తించారు. నగరానికి మరో దిక్కున ఉన్న ఇబ్రహీంపట్నానికీ ఈ పట్టిక సరిపోతుంది. భూమి, సంపద, పదవి చాలావరకు కులం వెంటే నడిచేవి కాబట్టి ఆరింటిలో నాలుగు పుట్టుకతోనే తేలిపోయేవి.

చట్టాలు వచ్చాయి, భూమి రాలేదు

1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వ భూమిలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. దాని 38–ఈ సెక్షన్ కింద కౌలుదారు యజమాని కూడా కావచ్చు. 1951 ఏప్రిల్ 18న ఇబ్రహీంపట్నానికి అంత దూరంలో లేని పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. 1955లో ఇనాముల రద్దు చట్టం, 1973లో భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చాయి. రెండో దాని ప్రకారం ఒక కుటుంబానికి నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాల తరి, లేదా 35 నుంచి 54 ఎకరాల మెట్ట మించకూడదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1977లో పేదలకిచ్చిన ప్రభుత్వ భూమిని ఇతరులు కొనకుండా నిషేధించే చట్టం వచ్చాయి.

ఇన్ని చట్టాల తర్వాత కూడా భూమి ఎందుకు చేతులు మారలేదన్నది కీలకమైన ప్రశ్న. దానికి జవాబు పహాణీలో ఉంది. పహాణీ అంటే ఏటా ఊరి పొలాల లెక్క రాసే దస్తరం. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, సాగు చేస్తున్నవారి పేరుకు వేరే గడి ఉండేవి. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ తర్వాతి తగాదాలన్నిటికీ మూలపత్రమైంది. ముప్ఫై ఏళ్లు దున్నినవాడి పేరు సాగు గడిలో ఎక్కకపోతే చట్టం దృష్టిలో అతను ఆ పొలంలో లేనట్టే. భూమిని కొడుకులు, అల్లుళ్లు, నమ్మిన పాలేళ్ల పేర్లకు పంచి పరిమితిలో చూపడం తెలిసినవారికి తేలికైన పని. చట్టం పేదవాడికి హక్కు ఇచ్చింది గాని, దాన్ని రుజువు చేసే కాగితం అతనికి ఎదురుగా నిలిచినవారి పెట్టెలోనే ఉండిపోయింది.

ఈ చిక్కుముడిని కొంతైనా విప్పిన మార్పు 1984లో వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడి కచేరీ ఊళ్లకు దగ్గరైంది.

కూలీ సంఘం

సరిగ్గా ఆ కాలంలోనే సామాజిక కార్యకర్త గీతా రామస్వామి ఇబ్రహీంపట్నం వచ్చి దళితవాడల్లో పని మొదలుపెట్టారు. ఆ పనిలోంచి ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం ఎదిగింది. మొదట కనీస కూలి, జీతగాళ్ల విడుదల, ఆ తర్వాత భూమి సంఘం పోరాటాంశాలయ్యాయి. సంఘం చేసిన పని పైకి సాదాసీదాగా కనిపిస్తుంది. ఊరి భూముల్లో ఏది సర్ఫేఖాస్, ఏది ఇనాం, ఏది పరిమితికి మించిన మిగులు, ఏది రక్షిత కౌలు అని పాత దస్తరాల నుంచి తీయించడం, దరఖాస్తు పెట్టడం, కచేరీ చుట్టూ తిరగడం, ఆపై అందరూ కలిసి పొలంలో నాగలి కట్టడం. పేదల పక్షాన నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు ఉన్న కాలం కావడం కూడా కలిసొచ్చింది. దాడులు, కేసులు ఎదురైనా అనేక ఊళ్లలో మాల, మాదిగ, వెనుకబడిన కులాల కుటుంబాలకు భూమి దక్కింది. ఈ అనుభవాన్ని గీతా రామస్వామి 2022లో తన ఆత్మకథలో రాశారు.

ఈ ప్రాంతపు చరిత్ర మొత్తంలో అంతరం నిజంగా కదిలిన ఘట్టమిది. చట్టాలు పాతవే, భూమి పాతదే. కొత్తగా వచ్చినవి రెండే: కాగితాన్ని చదివి చెప్పే మనిషి, ఒంటరిగా కాక గుంపుగా నిలబడిన కూలీ. జీతం నుంచి విడిపించుకున్న కుటుంబం పిల్లలను బడికి పంపగలిగింది, కూలి రేటు మీద మాట్లాడగలిగింది. ఎకరాల లెక్కలో ఇది కనిపించదు గాని, పోలికలో దీని బరువు తక్కువేమీ కాదు.

జాబితాలు, చదువు, పదవులు

భూమితో పాటు చదువు, ఉద్యోగాల దారి కూడా తెరుచుకుంది. అనంతరామన్ కమిషన్ నివేదిక ఆధారంగా 1970లో వెనుకబడిన కులాలను ఏ, బీ, సీ, డీ వర్గాలుగా విభజించి 25 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. వెనుకబాటు అందరిదీ ఒక్కలాంటిది కాదని ప్రభుత్వం ఒప్పుకున్న తొలి అడుగుల్లో అదొకటి. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 2007లో పేద ముస్లిం వర్గాలకు బీసీ–ఈ కింద 4 శాతం దక్కింది. పదవుల విషయానికొస్తే, ఇబ్రహీంపట్నం శాసనసభ స్థానం 2008 నియోజకవర్గాల పునర్విభజన వరకు షెడ్యూల్డు కులాలకు రిజర్వై ఉండేది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి.

నగరం వచ్చి చేరిన తర్వాత

2000 తర్వాత అంతరానికి కొత్త కొలత వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు, ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం, టాటా విమాన భాగాల పరిశ్రమలు రావడంతో పంటను బట్టి విలువ కట్టే నేలకు గజాల్లో ధర వచ్చింది. ఇబ్రహీంపట్నం ఉన్న రంగారెడ్డి తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే ముందున్న జిల్లా అయింది. ఆ సగటు వెనుక రెండు రకాల కుటుంబాలున్నాయి. పట్టా భూమి ఉన్నవారు అమ్మి, ఆ డబ్బుతో వ్యాపారమో నగరంలో ఇల్లో సంపాదించుకున్నారు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమికి లావుణి పట్టా ఉన్నవారు, అంటే ఎక్కువగా దళిత, గిరిజన, వెనుకబడిన కులాలవారు, చట్టప్రకారం అమ్మలేరు. అవసరం పడినప్పుడు సాదా కాగితం మీద తక్కువకు వదులుకున్నారు, లేదా ప్రభుత్వం తీసుకున్నప్పుడు పట్టాదారుకంటే తక్కువ పరిహారం పొందారు. ఈ తేడా తప్పని, లావుణి పట్టా ఉన్న (అసైన్డు) రైతుకూ సమాన పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ కేసు ఇదే జిల్లాలోని చేవెళ్ల డివిజన్‌ది.

సంక్షేమ పథకాలు కూడా పట్టా గడినే అనుసరించాయి. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చింది. రెండెకరాలవారికి 8,000, ఇరవై ఎకరాలవారికి 80,000, కౌలుకు దున్నేవారికి ఏమీ లేదు. 2020లో వచ్చిన ధరణి దస్తరంలో సాగుదారు గడే లేకుండా పోయింది. పహాణీలో డెబ్భై ఏళ్లు పోట్లాడి పేరు ఎక్కించుకున్న గడి అది.

కొత్త లెక్క

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేపట్టింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్కల ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డు కులాలు 17.43 శాతం, షెడ్యూల్డు తెగలు 10.45 శాతం, ఇతరులు 15.79 శాతం. ఈ సర్వేలో కులంతో పాటు భూమి, ఆదాయం, చదువు, అప్పు కూడా అడిగారు. ఆ వివరాల నుంచి కులాల వెనుకబాటును కొలిచే బాధ్యతను రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో పుట్టిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి నాయకత్వంలోని నిపుణుల బృందానికి అప్పగించారు. 2025 ఏప్రిల్ 14 నుంచి 59 షెడ్యూల్డు కులాలను మూడు వర్గాలుగా విభజించి 1, 9, 5 శాతాల చొప్పున రిజర్వేషన్ పంచారు. మాదిగ దండోరా ఉద్యమం 1994 నుంచి అడిగినది ఈ వర్గీకరణే. పై కులాలతో పోల్చినప్పుడు ఒక్కటిగా కనిపించే సమూహంలోపల కూడా అంతరాలున్నాయని చట్టం ఇప్పుడు అంగీకరించింది.

సిరాజుల్ హసన్ నుంచి నేటి సర్వే వరకు కొలిచే తీరు ఆచారాల నుంచి ఆస్తి వైపు, పెద్ద సమూహాల నుంచి ఒక్కొక్క కులం వైపు మళ్లింది. ఇబ్రహీంపట్నం అనుభవాన్ని బట్టి ఆ కొలతలో ఎకరాల సంఖ్య ఒక్కటే చాలదు. ఆ ఎకరం పట్టానా, లావుణినా, కౌలా అన్నది తేలాలి. దాన్ని దున్నుతున్నవారి పేరు ఏదో ఒక గడిలో ఉండాలి.