శారదాగ్రామము

కృష్ణగంగానదిలో మధుమతి యను చిన్న యేఱు కలియు చోట, కొండల నడుమ, శారద యను చిన్న గ్రామము కలదు. పాకిస్తాన్ అధీనములోనున్న ఆ లోయలో ఆ నదిని నేడు నీలమని పిలుతురు. గ్రామమునకు పైనున్న మిట్టమీద రాతిమెట్లు, ప్రాకారము, పైకప్పు లేని చతురస్రాలయము మిగిలియున్నవి. గర్భగృహమున విగ్రహము లేదు. ఈ ఊరి చరిత్రను రాళ్లకంటె గ్రంథములే స్పష్టముగా చెప్పును.

1030 ప్రాంతమున అల్ బెరూనీ ముల్తాను, స్థానేశ్వరము, సోమనాథముల విగ్రహములతోపాటు కాశ్మీరమందలి శారదాదేవి దారువిగ్రహమును పేర్కొనెను. గౌడదేశీయులు కొందఱు తమ రాజును చంపించిన లలితాదిత్యునిపై పగ తీర్చుకొనుటకై, శారదాదర్శనము నెపముగా కాశ్మీరమునకు వచ్చిరని పండ్రెండవ శతాబ్దపు కల్హణుడు రాజతరంగిణిలో వ్రాసెను. వంగసీమనుండి వచ్చినవారికి ఆ నెపము చాలినదనిన, క్షేత్రఖ్యాతి ఎంతదూరము ప్రాకినదో ఊహింపవచ్చును. సుల్తాను జైనులాబదీను 1422లో ఇచటికి వచ్చెనని జోనరాజు చెప్పెను.

కాశ్మీర సరస్వతి పుస్తకములకును ప్రసిద్ధి. హేమచంద్రుడు వ్యాకరణము రచింపబూనినప్పుడు పూర్వవ్యాకరణములకై గుజరాతునుండి జయసింహుడు కాశ్మీరమునకు దూతలను పంపెనని ప్రభావకచరితము తెలుపుచున్నది. ఆ సీమకు శారదాదేశమనియు, అచటి లిపికి శారదయనియు పేరు నిలిచెను. భూర్జపత్రములపై వ్రాయబడిన బక్షాలీ గణితగ్రంథము ఈ లిపిలోనిదే. గురుముఖి లిపి పుట్టుకయు దీనినుండియే.

1892లో ఆరెల్ స్టెయిన్ ఇచటికి వచ్చి, కల్హణుని వర్ణనతో స్థలమును పోల్చి చూచెను. 1947 నాటి యుద్ధముతో ఊరు ఒకవైపున, దానిని కొలిచిన యాత్రికులు మఱియొకవైపున నిలిచిపోయిరి. 1949 నాటి కాల్పుల విరమణరేఖ 1972లో నియంత్రణరేఖ యయ్యెను, వివాదము తీరలేదు. రేఖకు ఈవల, ఆ నది యొడ్డుననే, తీట్వాల్‌లో 2023 మార్చిలో నూతన శారదాలయము తెఱవబడెను. అందలి విగ్రహము శృంగేరినుండి వచ్చినది. ఆవల నేటి గ్రామస్థులు ముస్లిములు. అయినను ఊరిపేరు శారదయే.

రాళ్లు కదలలేవు, గ్రంథములు కదలును. కాశ్మీరుడైన అభినవగుప్తుని నాట్యశాస్త్రవ్యాఖ్య కేరళసీమ వ్రాతప్రతులలో లభించెను. దానిని పరిష్కరించి 1926 నుండి బరోడాలో ప్రకటించినవాడు తెలుగువాడైన మానవల్లి రామకృష్ణకవి. ఒక సీమ విద్యను మఱియొక సీమ కాపాడుట మనకు క్రొత్త కాదు. కాని శారదలిపి చదువగలవారు నేడు మిక్కిలి కొలది. దారి యొకనాడు తెఱచుకొనవచ్చును. ఆ యక్షరము తెలిసినవారు లేనినాడు, దారి తెఱచినను శారద దూరముననే యుండును.