బింబో బిండర్: గోల్స్ లెక్క ఒకటి, జెర్సీ లెక్క ఇంకొకటి

పొద్దుమీకి గ్రౌండ్ల ఆట అయిపోయినంక మా దోస్తుల పంచాయితీ ఒక్కటే. మెస్సీ గొప్పోడా, రొనాల్డో గొప్పోడా? ఎవలు ఎన్ని గోల్స్ కొట్టిండ్రు? గా ముచ్చట్ల నేను ఓ పాత పేరు తెస్త: ఫ్రాంజ్ బిండర్. అందరు 'బింబో' అని పిలిచెటోళ్లు. మా వోళ్లల్ల ఒక్కడు గూడ గా పేరు ఇనలే. అందుకే ఇది రాస్తున్న.

బిండర్ 1911 డిసెంబర్ 1న ఆస్ట్రియాల సాంక్ట్ పోల్టెన్ అనే ఊర్ల పుట్టిండు. అక్కడి స్టుర్మ్ 19 అనే చిన్న క్లబ్బుల ఆడి, 1930 సంవత్సరంల రాజధాని వియన్నాకు పోయి రాపిడ్ క్లబ్బుల చేరిండు. 1949 దాంక ఆడినన్ని రోజులు అదే క్లబ్బు. మనిషి బాగా పొడుగు, షాట్ కొడితే తుపాకి గుండు లెక్క పోయేది. స్నేహపు మ్యాచ్‌లు గూడ కలుపుకొని 756 మ్యాచ్‌లల్ల 1,006 గోల్స్ అని ఆయన లెక్క చెప్తరు.

గానీ నా ముచ్చట ఆ వెయ్యి గురించి కాదు.

1938 మార్చిల హిట్లర్ జర్మనీ ఆస్ట్రియాను మింగేసింది. ఆ ఏడు ఫ్రాన్స్‌ల జరిగే ప్రపంచ కప్పుకు ఆస్ట్రియా అప్పటికే అర్హత తెచ్చుకున్నది. అయినా ఆడలే. దేశమే లేకపోతే జట్టు యాడికెళ్లి వస్తది? వియన్నా ఆటగాళ్లు కొందరు జర్మనీ జెర్సీ ఏసుకున్నరు. ఆస్ట్రియా పెద్ద స్టార్ మథియాస్ సిండెలార్ మాత్రం వయసైందని, దెబ్బలున్నయని చెప్పి జర్మనీకి ఆడలే. 1939 జనవరిల ఇంట్ల విషవాయువు పీల్చి చచ్చిపోయి దొరికిండు. బిండర్ ఆడిండు. జర్మనీకి 9 మ్యాచ్‌లల్ల 10 గోల్స్ కొట్టిండు.

అప్పటికి రాపిడ్ గూడ జర్మనీ ఛాంపియన్‌షిప్‌ల ఆడాల్సిందే. ఆ రోజులల్ల షాల్కె 04 అంటే భయం. 1939 ఫైనల్ల వియన్నా క్లబ్బు అడ్మిరాను 9-0తోటి ఓడగొట్టింది. 1940ల గూడ కప్పు వాళ్లదే.

1941 జూన్ 22. బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం, 90 వేలకు పైగా జనం. అదే పొద్దున జర్మనీ సైన్యం సోవియట్ యూనియన్ మీద పడ్డది. ఫైనల్ల షాల్కె మొదటి పది నిమిషాలల్లనే 2 గోల్స్ కొట్టింది. సగం ఆట అయినంక మూడోది. 3-0. అడ్మిరా గతే అనుకున్నరు. గప్పుడు రాపిడ్ తరపున షోర్స్ ఒకటి కొట్టిండు. వెనుకనే బిండర్ మూడు కొట్టిండు, అండ్ల ఒకటి పెనాల్టీ. పావుగంట గూడ కాకముందే ఆట తిరగబడ్డది. రాపిడ్ 4-3తోటి గెలిచింది.

దీన్ని ఎట్ల చూడాలె? వియన్నా అభిమానులకు అది బెర్లిన్ల జర్మన్ల మీద గెలుపు. హిట్లర్ సర్కారు కాయితాలల్ల మాత్రం ఒక జర్మన్ క్లబ్బు ఇంకో జర్మన్ క్లబ్బును ఓడగొట్టింది, గంతే. గా మ్యాచ్‌ను తిరుగుబాటు అని నేను అనను. సిండెలార్ ఒప్పుకోలే, బిండర్ ఆడిండు. ఇద్దరిదీ ఒకటే కథ అని చెప్తే అబద్ధమైతది. అట్లని బిండర్‌ను ద్రోహి అనుడు గూడ నాకు నోరు రాదు. బలవంతంగ గుంజుకున్న దేశంల బతికెటోని ముంగట ఎన్ని తొవ్వలు ఉంటయి? బిండర్‌ను గూడ సైన్యంలకు తీసుకున్నరు.

యుద్ధం అయిపోయినంక ఆస్ట్రియా మళ్ల దేశమైంది. బిండర్ మళ్ల పాత జెర్సీ ఏసిండు, 1947 దాంక. 1946ల, 1948ల రాపిడ్ లీగ్ గెలిచింది.

తర్వాత కోచ్ అయిండు. యాడికి పోయిండో తెలుసా? జర్మనీకే. 1954 ప్రపంచ కప్ సెమీఫైనల్ల పశ్చిమ జర్మనీ ఆస్ట్రియాను 6-1తోటి ఓడగొట్టింది. అండ్ల ఒక గోల్ కొట్టిన మాక్స్ మోర్లాక్ న్యూరెంబర్గ్ క్లబ్బోడు. అదే ఏడు బిండర్ ఆ క్లబ్బుకే కోచ్‌గా పోయి 1960 దాంక ఉన్నడు. అప్పటికి బుండెస్‌లిగా పుట్టలే, ప్రాంతాల లీగులే. 1957ల దక్షిణ జర్మనీ లీగ్ గెలిపించిండు. అటెన్క హాలండ్ల పీఎస్‌వీ ఐంధోవెన్, మళ్ల సొంత గూడు రాపిడ్, ఆ తర్వాత మ్యూనిచ్ 1860. 1989 ఏప్రిల్ 24న కన్ను మూసిండు.

తమ్ముళ్లు, ఇంటర్నెట్టుల కొందరు బిండర్ లెక్కను ఒక్కటే గీత మీద రాస్తరు: 28 మ్యాచ్‌లు, 26 గోల్స్. గట్ల చెప్పకుండ్రి. ఆస్ట్రియాకు 19ల 16, జర్మనీకి 9ల 10 అని ఇడిగా చెప్పుండ్రి. ఎందుకని ఎవడన్న అడిగితే, అప్పుడు 1938 ముచ్చట చెప్పుండ్రి.