తెల్లవారి సమ్మె, నల్లవారి వాటా

సమ్మె అనగానే కార్మికుల పక్షం చేరడం నాకు అలవాటు. 2018 సెప్టెంబరు ఆ అలవాటును ఇరకాటంలో పెట్టింది. దక్షిణాఫ్రికాలో, బొగ్గునుంచి ఇంధనం తీసే ససోల్ కంపెనీలో తెల్ల ఉద్యోగులు సమ్మెకు దిగారు. 'ఖన్యిసా' అనే వాటాల పథకం రెండోదశలో తమకు చోటు లేదనీ, అది జాతి వివక్ష అనీ వారి సాలిడారిటీ యూనియన్ వాదన.

ఈ యూనియన్ తన పుట్టుకను 1902 నాటి ట్రాన్స్‌వాల్ గని కార్మికుల సంఘంలో చూపుకుంటుంది. 1922లో గని యజమానులు, కూలి తక్కువని, తెల్లవారి పనుల్లో కొన్నింటికి నల్లవారిని పెట్టబోతే రాండ్ గనులు భగ్గుమన్నాయి. ప్రపంచ కార్మికులారా, తెల్ల దక్షిణాఫ్రికా కోసం ఏకం కండని బ్యానరు కట్టారు! స్మట్స్ ప్రభుత్వం విమానాలతో బాంబులు వేయించింది. కొందరు కమ్యూనిస్టులు సైతం ఆ సమ్మెకు అండగా నిలిచారు. వారు ఆ నినాదంలో మొదటి సగమే విన్నారనుకోవడం నా ఉదారత. 1946లో డెబ్బైవేలమంది పైచిలుకు నల్ల గని కార్మికులు సమ్మె కట్టినప్పుడు అదే స్మట్స్ పోలీసులను దింపాడు.

అలాగని కంపెనీని మెచ్చుకోలేను. 2008 నాటి 'ఇంజాలో' పథకం వాటాలు ప్రధానంగా అప్పుమీద కొన్నవి. పదేళ్ళకు షేరు ధర ఆ అప్పును దాటలేదు. ఆశపడ్డవారికి దక్కింది స్వల్పం. ఖన్యిసా వచ్చింది దాని స్థానంలోనే.

మరొక సంగతి. 2003 నాటి నల్లజాతి ఆర్థిక సాధికారత చట్టం లెక్కలో అక్కడి భారతీయులు కూడా 'నల్లవారే'. అంటే, నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళ మనుమలు, మునిమనుమలు కూడా ఈ తగవులో గేటుకు అవతలివైపు ఉన్నారు.