ఆస్తి ఎవరిది? - 6: అమల్లోకి రాని చట్టం

పోయిన భాగంలో డెల్టా భూముల సంగతి మాట్లాడుకున్నాం. ఈసారి భూమి లేనోడికి తన పేరు మీద వచ్చే మొదటి ఆస్తి గురించి. మన పేటల్లో చాలామందికి అది ఎకరం కాదు, ఆటో.

1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీళ్ళు చేలకొచ్చాయి గానీ, చేలు పేటలకి రాలేదు. మనోళ్ళు ఆ మాగాణిలోనే పాలేర్లుగా, కూలీలుగా మిగిలిపోయారు. ముందు తీసుకున్న బాకీకి పాలేరు ఏడాది కష్టమంతా తాకట్టు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన నాటకానికి 'పాలేరు' అని ఊరికే పేరు పెట్టలేదు. దాసుడు సంపాదించింది కూడా యజమానిదేనని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ పుస్తకాన్నే.

1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ బాకీలను కొట్టేసింది. వాటి కోసం బలవంతంగా లాక్కున్న ఆస్తిని తిరిగివ్వాలని కూడా చెప్పింది. అంటే అప్పు పేరుతో ఆస్తి లాక్కోవడం ఎంత పాత జబ్బో పార్లమెంటుకి తెలుసు.

ఇప్పుడు ఆటో దగ్గరకి వద్దాం. పొద్దున్నే నాట్లకి కూలీలను దింపాలి, తర్వాత బడిపిల్లల్ని ఎక్కించుకోవాలి. రెండు మూడు కిస్తీలు తప్పితే సీజింగ్ వాళ్ళు రోడ్డు మీదే ఆపి తాళం లాక్కుంటారు. బండి యార్డుకి పోతుంది. వచ్చిన రేటుకి అమ్మేసి, ఇంకా బాకీ మిగిలిందంటూ హామీ సంతకం పెట్టినోడి మీద పడతారు. ఆ సంతకం పెట్టిందీ మన పేటోడే. మూడేళ్ళు కట్టిన డబ్బుకి లెక్కేది?

సరిగ్గా ఈ ప్రశ్నే బ్రిటన్‌లో లేబర్ ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ అడిగింది. ఆమె తెచ్చిన 1938 చట్టం ప్రకారం, వాయిదాల మీద కొన్న వస్తువుకి మూడో వంతు కట్టేశాక కోర్టుకి పోకుండా దాన్ని లాక్కోకూడదు.

మన దేశంలో 1961లో లా కమిషన్ తన 20వ నివేదికలో ఈ విషయం చేపట్టింది. 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది. చట్టం చెప్పిన వాటా, అంటే సగమో ముప్పావో, కట్టేసినోడి దగ్గర నుంచి కోర్టు ద్వారా తప్ప వస్తువు తీసుకోకూడదని అందులో ఉంది. ఆ చట్టం ఏనాడూ అమల్లోకి రాలేదు. 33 ఏళ్ళు కాగితం మీదే ఉంచి 2005లో రద్దు చేశారు. పుట్టకుండానే చంపేశారు.

ఇంకో సంగతి చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, సెక్షన్ 60. బాకీ ఉన్నట్టు కోర్టు డిక్రీ ఇచ్చినా సరే చేతివృత్తివాడి పనిముట్లను, రైతు నాగలినీ ఎడ్లనూ జప్తు చేయకూడదు. మనిషి బతికితేనే బాకీ తీరుతుందన్న ఇంగితం అది. ఆ జాబితాలో ఆటో పేరు లేదు, పైగా అది అదే అప్పుకి తాకట్టులో ఉంది. పనిముట్టు మారింది, చట్టం మారలేదు.

కోర్టులు ఏమన్నాయి? 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు, గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని తప్పుబట్టింది. 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో మాత్రం, హైర్ పర్చేజ్ అయితే చివరి కిస్తీ దాకా ఫైనాన్సరే యజమాని, ఒప్పందం ఒప్పుకుంటే బండి తీసుకోవచ్చు అంది. 2023లో పాట్నా హైకోర్టు రికవరీ ఏజెంట్లతో బలవంతంగా లాక్కోవడం జీవనోపాధి హక్కుకి దెబ్బ అంది.

అందుకే ఒప్పందం కాపీ తీసుకోండి. అది హైర్ పర్చేజా, హైపోథికేషనా చూడండి. హైపోథికేషన్ అయితే యజమాని మీరే, బండి తాకట్టులో ఉందంతే. నోటీసు గడువు, స్వాధీనం చేసుకునే పద్ధతి, అమ్మే ముందు కట్టడానికి చివరి అవకాశం, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులకి చెప్పింది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచండి. బలవంతం చేస్తే వీడియో తీసి, పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

విద్యార్థి మిత్రులు ఆ ఒప్పందాలను పేటలో కూర్చుని తెలుగులో చదివి వినిపించాలి. సంఘాలు 1972 నాటి ఆ నిబంధనను మళ్ళీ చట్టంగా అడగాలి. సగం కట్టినోడి బండి కోర్టు మెట్లెక్కకుండా కదలకూడదు. అప్పు ఎగ్గొడతామని ఎవరూ అనడం లేదు. మా మాట కూడా విన్నాకే తీసుకోండి అంటున్నాం.

వచ్చే భాగంలో హామీ సంతకాల కథ. జై భీమ్.